చెత్త సెంటర్ నుంచి మ్యూనిక్ దాకా: యువ సదస్సుకి వెళ్లిన నా అనుభవం

2025 నవంబర్ 3 నుంచి 6 వరకు జర్మనీలోని మ్యూనిక్‌లో వన్ యంగ్ వరల్డ్ అనే ప్రపంచ యువ సదస్సు జరిగింది. స్కాలర్‌షిప్ మీద నేనూ వెళ్లొచ్చాను. అప్పటి నుంచి చాలామంది ఫోన్ చేసి ఎలా అప్లై చేశావు, వీసా ఎలా వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడుగుతున్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది మా ఇంటిలాంటి ఇళ్ల పిల్లలే. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను. సదస్సులో విన్న ఉపన్యాసాల కంటే అక్కడికి చేరడానికి పట్టిన కాగితాల గురించే ఇందులో ఎక్కువ ఉంటుంది. ఆ గదిలో ఎవరు కూర్చోగలరో చాలావరకు తేల్చేది ఆ కాగితాలే.

మా ఇల్లంటే ఎలాంటిదో చెప్పాలి. మాది మడకశిర వైపు. పెళ్లైన కొత్తల్లోనే అమ్మానాన్న బెంగళూరు వచ్చేశారు, నేను పుట్టింది ఇక్కడే. అమ్మ పౌరకార్మికురాలు. బెంగళూరులో పొద్దున్నే వీధులు ఊడ్చే ఆడవాళ్లని ఎప్పుడైనా పలకరించి చూడండి, చాలామంది తెలుగులోనే బదులిస్తారు. అనంతపురం, చిత్తూరు వైపుల నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబాలు. డిగ్రీ అయ్యాక నేను ఒక డ్రై వేస్ట్ సెంటర్‌లో లెక్కలు చూసే పనిలో చేరాను. ఇళ్ల నుంచి వచ్చిన పొడి చెత్తని అక్కడ ఆడవాళ్లు కూర్చుని చేత్తో వేరు చేస్తారు. పాల కవర్లు ఒక కుప్ప, నీళ్ల సీసాలు ఒక కుప్ప, అట్టపెట్టెలు ఇంకో కుప్ప. పాల కవరుకి మంచి ధర పలుకుతుంది. చిప్స్ ప్యాకెట్‌ని మాత్రం గుజరీ అంగడివాళ్లు, అంటే పాత సామాన్లు కొనేవాళ్లు, ముట్టుకోరు. దాన్ని సిమెంట్ ఫ్యాక్టరీలకి, బట్టీలో కాల్చడానికి పంపాలి. అంటే దాన్ని వేరు చేసిన చేతికి ఏమీ రాదు. అప్లికేషన్‌లో నేను రాసింది ఈ ఒక్క విషయమే.

వన్ యంగ్ వరల్డ్ 2009లో మొదలైంది. మొదటి సదస్సు 2010లో లండన్‌లో జరిగింది. ఏటా ఒక ఊరు మారుతుంది, 2023లో బెల్ఫాస్ట్, 2024లో మాంట్రియల్. 190కి పైగా దేశాల నుంచి యువతీయువకులు వస్తారు. వాళ్లలో చాలామందిని వాళ్లు పనిచేసే కంపెనీలే డబ్బు కట్టి పంపిస్తాయి. మిగిలినవాళ్లకి స్కాలర్‌షిప్‌లు ఉంటాయి. స్కాలర్‌షిప్‌కి రాసేటప్పుడు ప్రపంచాన్ని మార్చేస్తానని రాయకండి. మీరు ఏ వీధిలో, ఏ పని, ఎవరితో కలిసి చేస్తున్నారో రాయండి. మా సెంటర్‌కి రోజుకి ఎన్ని కిలోలు వస్తాయి, అందులో ధర లేనిది ఎంత, ఆ భారం ఎవరి మీద పడుతోంది అన్నదే నేను రాశాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. దీనికంటే ముందు వేరే ఒక సదస్సు నుంచి నాకు మెయిల్ వచ్చింది. వివరాలు పంపి రెండు రోజులైనా కాకముందే ‘కంగ్రాచులేషన్స్, మీరు ఎంపికయ్యారు’ అన్నారు. కింద చూస్తే రిజిస్ట్రేషన్ ఫీజు, హోటల్, సర్టిఫికెట్, అన్నీ కలిపి డాలర్లలో పెద్ద మొత్తం, వారంలోపు కట్టాలట. పోస్టర్ మీద ఐక్యరాజ్యసమితి జెండా రంగు. మా అమ్మ ఆరు నెలల జీతం అది. ఇలాంటివి ఇప్పుడు చాలా తిరుగుతున్నాయి. మా కాలనీలోనే ఒక అబ్బాయి అప్పు చేసి వెళ్లొచ్చాడు. అక్కడ ఒక హోటల్ హాల్లో మూడు రోజులు ఫొటోలు దిగడం తప్ప ఏమీ జరగలేదని బాధపడ్డాడు. డబ్బు కట్టేముందు నాలుగు విషయాలు చూడండి. నిర్వహించేది ఎవరు, వాళ్లకి ఒక చిరునామా, చరిత్ర ఉన్నాయా? వెళ్లొచ్చినవాళ్లతో మాట్లాడగలరా? ‘ఫుల్లీ ఫండెడ్’ అంటున్నది అందరికా, వందలో ఒకరికా? అప్లికేషన్ గడువు మాటిమాటికీ పొడిగిస్తున్నారా? వీటికి నిదానంగా జవాబు చెప్పనివాళ్లకి ఒక్క రూపాయి కూడా పంపకండి.

నాకు స్కాలర్‌షిప్ వచ్చిందని తెలిసిన రోజు అమ్మ అడిగింది, “ఎందుకు పిలిచినారు పాపా వాళ్లు?” అని. చెత్త గురించి మాట్లాడటానికి అన్నాను. కాసేపు ఆలోచించి, “చెత్త గురించయితే నన్ను పిల్చింటే నేనే చెప్పుంటా కదా” అంది. అమ్మ తమాషాకి అనలేదు, నిజంగానే అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఒక్కో కాగితం సంపాదించుకుంటూ పోతే జవాబు దానంతట అదే తెలిసింది.

మొదటి కాగితం పాస్‌పోర్ట్. మన దగ్గర పేరుతోనే చిక్కు మొదలవుతుంది. టెన్త్ మార్కుల కార్డులో నా పేరు పక్కన ఒక్క అక్షరం ఇనిషియల్ ఉంది. ఆధార్‌లో అది కూడా లేదు. పాస్‌పోర్ట్‌లో ఇనిషియల్ అలాగే ఉంచరు, విడమరిచి రాయాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినా పాస్‌పోర్ట్ ఇస్తారు కానీ తర్వాత టికెట్ తీసుకునేటప్పుడు, వీసా ఫారం నింపేటప్పుడు ఇబ్బంది పడాలి. ఒకే పేరున్న పాస్‌పోర్ట్‌తో సందర్శకులని రానివ్వబోమని 2022 నవంబర్‌లో యూఏఈ ప్రకటించింది కూడా. అందుకే ముందు ఆధార్‌లో పూర్తి పేరు సరిచేయించుకుని, బ్యాంకు పుస్తకంలో మార్పించి, ఆ తర్వాతే అప్లై చేశాను. ఈ వరస ముఖ్యం. మామూలు 36 పేజీల పాస్‌పోర్ట్‌కి ఫీజు 1,500 రూపాయలు. లాల్‌బాగ్ రోడ్డు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో ఏ, బీ, సీ కౌంటర్లు దాటుకుని బయటికి రావడం అనుకున్నంత కష్టమేమీ కాదు. పోలీసు వెరిఫికేషన్‌లో అద్దె ఇంటి అగ్రిమెంట్ అడిగారు. మా ఓనర్ ఎప్పుడూ కాగితం రాసివ్వలేదు. నాన్న వెళ్లి కూర్చుని బతిమాలితే స్టాంప్ పేపర్ మీద రాసిచ్చారు.

అసలు టెన్షన్ వీసాది. జర్మనీ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. దాని మీద దరఖాస్తు తీసుకునే కేంద్రం సర్వీస్ చార్జీ వేరే. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. పాస్‌పోర్ట్‌కి తిరుగు ప్రయాణం తర్వాత కూడా మూడు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు. ఇవన్నీ డబ్బు పెడితే, జాగ్రత్తగా చూసుకుంటే అయిపోయేవే. అవి కాక ఇంకో రెండు ఉన్నాయి. అక్కడ ఉన్నన్ని రోజులు ఖర్చుకి డబ్బుందని చూపాలి. పని అయ్యాక తిరిగి వస్తావని నమ్మించాలి.

సొంత ఇల్లు లేదు, పొలం లేదు, నా అకౌంట్‌లో ఉన్నది ఒక నెల జీతం. ఒక ఏజెంట్‌ని అడిగితే, ఎవరి దగ్గరైనా రెండు లక్షలు తెచ్చి అకౌంట్‌లో వేసి, స్టేట్‌మెంట్ తీసుకుని తిరిగి ఇచ్చేయమన్నాడు. చిన్నాన్న ఇవ్వడానికి ముందుకొచ్చాడు కూడా. నేను ఒప్పుకోలేదు. నెలనెలా పదిహేను వేలు వచ్చే అకౌంట్‌లో ఒక్కరోజే రెండు లక్షలు పడితే, స్టేట్‌మెంట్ చూసేవాళ్లకి మొదట కనిపించేది అదే. పైగా లేనిది ఉన్నట్టు చూపించాల్సిన పని నాకేముంది? నా ఖర్చు నేను పెట్టుకోవడం లేదు కదా. అందుకని నిర్వాహకులకి రాసి ఆహ్వాన ఉత్తరం మళ్లీ తెప్పించుకున్నాను. విమానం ఎవరు భరిస్తారు, హోటల్ ఎవరిది, భోజనం ఎవరిది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఇవన్నీ నా పాస్‌పోర్ట్ నంబరుతో సహా విడివిడిగా రాయమన్నాను. ‘మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాం’ అనే ఒక్క వాక్యం చాలదు. స్కాలర్‌షిప్ మీద వెళ్లేవాళ్లు దయచేసి ఇది మొహమాటపడకుండా అడగండి.

తిరిగి వస్తానన్నదానికి మా సెంటర్ నడిపేవాళ్లు ఉత్తరం ఇచ్చారు. ఎప్పటి నుంచి పనిచేస్తున్నాను, ఎన్ని రోజులు సెలవు, ఏ తేదీకి మళ్లీ పనిలో చేరాలి అన్నీ అందులో ఉన్నాయి. కవరింగ్ లెటర్ నేనే రాసుకున్నాను. అమ్మ ఏం పని చేస్తుందో, నేను ఏం పని చేస్తానో, ఆ సదస్సులో ఏం మాట్లాడదలచుకున్నానో ఒక పేజీలో ఉన్నదున్నట్టు పెట్టాను. అమ్మ పని సంగతి తీసేయమని ఏజెంట్ చెప్పాడు, పేదవాళ్లమని తెలిస్తే అనుమానిస్తారట. తీయలేదు. నేను అక్కడికి వెళ్తున్నదే ఆ పని గురించి మాట్లాడటానికి.

వేలిముద్రలు ఇచ్చి వచ్చాక ఎదురుచూపు. మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 రోజుల వరకు పట్టొచ్చని నిబంధన. ఇంకో సంగతి కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. వీసా రాకపోతే మళ్లీ చూడమని కాన్సులేట్‌కే రాసుకునే పద్ధతిని జర్మనీ 2025 జూలై 1 నుంచి ఎత్తేసింది. కాదంటే కోర్టుకి వెళ్లాలి, లేకపోతే మళ్లీ ఫీజు కట్టి కొత్తగా అప్లై చేయాలి. ఒక నెల జీతం పోతే పోనీలే అనుకోగల ఇల్లు కాదు మాది. కొరియర్ వచ్చిన రోజు నాన్న కవర్ విప్పకుండా దేవుడి పటం ముందు పెట్టి, నేను పని నుంచి వచ్చేదాకా కూర్చున్నాడు. వీసా వచ్చింది. మీకు వచ్చినప్పుడు దాని మీద రెండు అంకెలు విడిగా చూసుకోండి. వీసా చెల్లే తేదీలు వేరు, ఉండనిచ్చే రోజుల సంఖ్య వేరు. తేదీలు సాధారణంగా కాస్త ఎక్కువగానే ఉంటాయి, అది చూసి ఎక్కువ రోజులు ఉండొచ్చు అనుకోకూడదు.

ఈ ఎదురుచూపులోనే నేను చేసిన ముఖ్యమైన పని, సెంటర్‌లో అక్కలతో కూర్చోవడం. టీ వేళలో ఒక్కొక్కరినీ అడిగాను, అక్కడ మైకు నా చేతికిస్తే ఏం చెప్పమంటారు అని. మొదట అందరూ జీతం అన్నారు. తర్వాత నెమ్మదిగా ఒక్కొక్కటీ బయటికొచ్చింది. ఒక అక్క తన అరచెయ్యి చూపించింది, పగిలిన గాజు కోసిన గీతలు. ఇంకో అక్క శానిటరీ ప్యాడ్ల సంగతి చెప్పింది. రెండు డబ్బాలు, ఒక సంచి పద్ధతిలో చెత్త విడదీసి ఇవ్వాలని కర్ణాటక హైకోర్టు 2015లోనే చెప్పింది. అందులో ఒక డబ్బా తడి చెత్తకి, సంచి పొడి చెత్తకి, రెండో డబ్బా ఇలాంటి వాటికే. అయినా పదేళ్ల తర్వాత కూడా పొడి చెత్తలోనే వస్తున్నాయి. అందరికంటే పెద్దామె మాత్రం గుర్తింపు కార్డు గురించి చెప్పమంది. చెత్త ఏరుకునేవాళ్లకి బెంగళూరులో 2011లో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ కార్డులు ఇచ్చింది. “ఆ కార్డు రాకముందు తెల్లారగట్ల సంచి భుజానేసుకుని పోతాంటే దొంగలని పట్టుకునేటోళ్లు. కార్డు మెడలో వేసుకున్నాక పేరు పెట్టి పిలిచినారు” అంది. ఎవరి మాట ఎవరి పేరుతో చెప్పొచ్చో, ఎవరి ఫొటో చూపించొచ్చో అడిగి రాసుకున్నాను. ఇద్దరు వద్దన్నారు, వాళ్ల ఫొటోలు ఫోన్‌లోంచి తీసేశాను.

చివరికి అందరూ కలిసి తేల్చింది చిప్స్ ప్యాకెట్ సంగతే. ప్లాస్టిక్ ప్యాకింగ్ తయారుచేసే, వాడే కంపెనీలే దాన్ని వెనక్కి తీసుకునే బాధ్యత వహించాలని మన దేశంలో 2016 నుంచి నిబంధన ఉంది. 2022లో దానికి వివరంగా మార్గదర్శకాలు కూడా వచ్చాయి. ఆ లెక్క, ప్లాస్టిక్‌ని వెనక్కి తీసుకున్నట్టు చూపే సర్టిఫికెట్లతో కంపెనీల మధ్యే జరిగిపోతోంది. ప్యాకెట్‌ని కుప్పలోంచి చేత్తో తీసిన మనిషికి అందులోంచి ఇంత అని రావాలి. నా మూడు నిమిషాల మాటలో ఇదే ఉండాలని నిర్ణయించారు.

ప్రయాణం గురించి ఎక్కువ రాయను. వాయువజ్ర బస్సెక్కి ఎయిర్‌పోర్ట్‌కి, అక్కడి నుంచి దోహా మీదుగా మ్యూనిక్‌కి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. యూరప్‌లోకి మాంసం, పాలతో చేసినవి తీసుకెళ్లనివ్వరు. అమ్మ కట్టిన నెయ్యి డబ్బా, పాలకోవా ఇంట్లోనే వదిలేశాను. జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, చింతపండు గొజ్జు తీసుకెళ్లాను. అవి ఎంత పనికొచ్చాయో! నేను దిగింది ఆదివారం. అక్కడ ఆదివారం దుకాణాలు తెరవరు. ముందురోజు నవంబర్ 1 కూడా అక్కడ పండగ సెలవట. స్టేషన్ లోపల ఉన్న అంగళ్లు తప్ప ఊరంతా మూసి ఉంది. ఆ చలిలో హోటల్ గదిలో జొన్న రొట్టె తింటూ అమ్మకి ఫోన్ చేశాను. టైము మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అమ్మ పనికి బయల్దేరే ఆరున్నరకి అక్కడ రాత్రి రెండు.

ప్రారంభ కార్యక్రమంలో ఒక్కో దేశం జెండా పట్టుకుని ఒక్కొక్కరు నడిచి వస్తారు. మన జెండా వచ్చినప్పుడు గొంతు పట్టేసింది. ఉపన్యాసాలు చాలా ఉన్నాయి, కొన్ని బాగున్నాయి. నాకు ఎక్కువ నేర్పింది మాత్రం వీధులే.

జర్మనీలో వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసా కొంటే దాని ధర మీద 25 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు. ఖాళీ సీసాని సూపర్ మార్కెట్‌లోని మెషీన్‌లో వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. ఈ పద్ధతి 2003 నుంచి ఉంది. నేను తిరిగిన వీధుల్లో ఒక్క సీసా కూడా రోడ్డు మీద కనిపించలేదు. సోమవారం దుకాణాలు తెరిచాక నేను కూడా ఒక సీసా వేసి, చీటీ తీసుకుని, కౌంటర్‌లో ఆ డబ్బు పుచ్చుకున్నాను. వస్తువుకి ధర కడితే అది దారిలో పడి ఉండదు. మా అక్కలు టీ తాగుతూ చెప్పింది ఇదే కదా, దేశం దేశమే దాన్ని అమలుచేస్తోంది అనుకున్నాను. అదే రోజు సాయంత్రం స్టేషన్ దగ్గర ఒక పెద్దాయన టార్చిలైటు వేసి చెత్త డబ్బాల్లోకి చూస్తూ సీసాలు ఏరుతున్నాడు. చేతులకి గ్లవ్స్ లేవు. దారిన పోయేవాళ్లలో కొందరు సీసాని డబ్బాలో వేయకుండా పక్కన నిలబెట్టి వెళ్తున్నారు, ఏరుకునేవాళ్లు లోపల చెయ్యి పెట్టాల్సిన పని లేకుండా. అంత ధనిక దేశంలో కూడా ముసలితనంలో సీసాలు ఏరుకుంటున్నవాళ్లు ఉన్నారని చూసి చాలాసేపు మనసు బాగాలేదు. కానీ డబ్బా పక్కన సీసా నిలబెట్టడం అనే చిన్న మర్యాద నాకు బాగా నచ్చింది. మన అపార్ట్‌మెంట్లలో గాజు ముక్కల్ని కాగితంలో చుట్టి పైన రాసి ఇవ్వడం కూడా అలాంటిదే.

కొలంబియా నుంచి వచ్చిన ఒకమ్మాయితో బాగా కలిసిపోయాను. వాళ్ల బొగొటాలో చెత్త ఏరేవాళ్లు కోర్టుకి వెళ్లి గెలిచారు. 2013 నుంచి నగరం వాళ్లకి కిలోల లెక్కన డబ్బు కడుతోంది. మేం వేరు చేసిన సరుకు అమ్ముకుంటే వచ్చేదే మా ఆదాయం. అక్కడ దానికి తోడు, నగరానికి చేసిన సేవకి వేరే కూలి. ఆ తేడా విన్నాక నా మూడు నిమిషాల మాట కొంచెం మార్చుకున్నాను. చెత్త మీద జరిగిన చర్చలో నా వంతు వచ్చినప్పుడు చిప్స్ ప్యాకెట్ సంగతి చెప్పాను, పెద్దామె కార్డు సంగతి చెప్పాను. ఆ తర్వాత, ఈ పని నాకంటే బాగా తెలిసిన మా అమ్మ ఈ కుర్చీలో ఎందుకు లేదో చెప్పాను. పాస్‌పోర్ట్, పూర్తి పేరు, అద్దె అగ్రిమెంట్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంగ్లీషు, వయసు. ఒక్కొక్కటీ పేరుపెట్టి చదివాను. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకతను లేచి, తన బృందంలో అసలు పని చేసే మనిషి వీసా రాక ఆగిపోయాడని చెప్పాడు. చర్చ అక్కడి నుంచి మారింది. స్కాలర్‌షిప్‌లో వీసా ఫీజు, ఇన్సూరెన్స్ కూడా కలపాలి, పనివాళ్లు తమ భాషలో మాట్లాడితే అనువదించే మనిషిని పెట్టాలి అని మేం కొందరం కలిసి రాసి నిర్వాహకులకి ఇచ్చాం. విన్నారు, తీసుకున్నారు. ఏం చేస్తారో చూడాలి.

వచ్చాక ఒక నిర్ణయం తీసుకున్నాం. యువ సదస్సులకి మా అక్కల వయసు మించిపోయింది. కానీ ప్లాస్టిక్ కాలుష్యం మీద దేశాల మధ్య జరుగుతున్న ఒప్పందం చర్చలకి చెత్త ఏరుకునేవాళ్ల ప్రతినిధులు వెళ్తున్నారు. 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఒప్పందం లేకుండానే ముగిశాయి, అంటే ఆ మాటలు ఇంకా నడవాలి. మళ్లీ కూర్చునేటప్పటికి మా సెంటర్ నుంచి ఒకరి దగ్గరైనా పాస్‌పోర్ట్ ఉండాలి. గుర్తింపు కార్డు గురించి చెప్పమన్న పెద్దామెతోనే మొదలుపెట్టాం. ఆమె ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంది, ఓటరు కార్డులో పేరు వేరేలా ఉంది. ముందు వాటిని కలుపుతున్నాం. బడికి వెళ్లలేదు కాబట్టి పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ ముద్ర, అంటే విదేశానికి పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే ముద్ర, పడుతుందని భయపడింది. గల్ఫ్, మలేషియా లాంటి కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే ఆ అనుమతి అవసరమని, ఇలాంటి సమావేశానికి వెళ్లడానికి అది అడ్డు కాదని వివరించాను. 1,500 రూపాయల ఫీజు అందరం తలా కొంత వేసుకుంటున్నాం. ఆధార్ సవరణ చీటీ రాగానే లాల్‌బాగ్ రోడ్డులో అపాయింట్‌మెంట్ తీసుకుంటాం, ఆమెతో పాటు నేను వెళ్తాను.